మెలో క్యాండిల్, డాక్టర్ స్ట్రేంజ్‌లీ స్ట్రేంజ్, హార్స్‌లిప్స్: ముందు ఏది వినాలి?

మా బాబాయి కొడుకు ఉద్యోగం మీద డబ్లిన్ వెళ్ళి ఆర్నెల్లయింది. మొన్నొక రాత్రి వాట్సాప్‌లో అడిగాడు: "అన్నయ్యా, ఇక్కడి పాత రాక్ బ్యాండ్లలో ఏది వినాలి? యూ2 తెలుసు, అది వద్దు. పబ్బుల్లో టూరిస్టుల కోసం వాయించే ఫిడేలు విని విని విసుగొచ్చింది. కాస్త పిచ్చిగా ఉండేది చెప్పు." నిద్రమత్తులో హార్స్‌లిప్స్ అని టైప్ చేసి పడేశాను. పొద్దున్నే లేచి కాఫీ తాగుతుంటే తప్పు చేశానేమో అనిపించింది. తప్పు కాదు గానీ, తొందర. వాడు అడిగింది ఐరిష్‌గా ఉండాలనీ, పిచ్చిగా ఉండాలనీ. ఈ రెండూ ఒకే చోట దొరికే బ్యాండ్లు ఆ దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి, పైగా వాటిలో చాలావాటి ఆయుష్షు రెండు మూడేళ్ళే. వాడికి మళ్ళీ రాసిందే కాస్త పెంచి ఇక్కడ పెడుతున్నాను.

ఐర్లాండ్ పాత బాణీల్ని రాక్‌లో కలిపే ఈ రకాన్ని కెల్టిక్ రాక్ అంటారు, ముందు ఆ పేరు ఉచ్చారణ గొడవ తేల్చేద్దాం. స్కాట్లాండ్ ఫుట్‌బాల్ క్లబ్ అయితే సెల్టిక్, సంగీతం, భాషల దగ్గర కెల్టిక్. డబ్లిన్ వాడి ముందు సెల్టిక్ రాక్ అంటే కొట్టడు గానీ ఒక నవ్వు నవ్వుతాడు.

బరిలో మూడు రికార్డులు. డాక్టర్ స్ట్రేంజ్‌లీ స్ట్రేంజ్ వాళ్ళ 'హెవీ పెటింగ్', 1970. మెలో క్యాండిల్ వాళ్ళ 'స్వాడ్లింగ్ సాంగ్స్', 1972. హార్స్‌లిప్స్ వాళ్ళ 'ద టాయిన్', 1973. మూడూ డబ్లిన్ బ్యాండ్లే, మధ్యలో మూడేళ్ళ తేడా, అయినా ఒకదానికొకటి పోలిక లేదు.

హార్స్‌లిప్స్ గురించి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే ఎవరినడిగినా మొదట వచ్చే పేరు అదే. వీళ్ళలో ముగ్గురు డబ్లిన్‌లో ఒక యాడ్ కంపెనీలో పనిచేసేవాళ్ళు. ఒక బీరు ప్రకటనలో బ్యాండ్‌లా నటించమంటే నటించి, ఏదో బాగానే ఉంది కదా అని నిజంగానే బ్యాండ్ పెట్టేశారు. 1970లో మొదలెట్టి 1980 దాకా నడిపారు, సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) పెట్టుకుని రికార్డులు వాళ్ళే వేసుకున్నారు. మొదటి ఎల్పీ (పెద్ద రికార్డు) అట్టని కన్సర్టీనా ఆకారంలో కత్తిరించారు, అంటే రెండు చేతుల మధ్య సాగదీసి వాయించే చిన్న గాలిపెట్టె. యాడ్ బుర్ర ఎక్కడికి పోతుంది!

'ద టాయిన్' మాత్రం తమాషా కాదు. ఐర్లాండ్ పురాణగాథ ఒకటుంది, పశువుల దండయాత్ర కథ. రాణి మేవ్, ఆమె మొగుడు అలిల్ పడుకుని ఎవరి ఆస్తి ఎంతో లెక్కేసుకుంటారు. అన్నీ సరిసమానం, ఒక్క తెల్లకొమ్ముల ఎద్దు దగ్గర మొగుడిది పైచెయ్యి. దానికి సాటి వచ్చే ఎద్దు కూలీలో ఉంది (కూలీ అంటే మన కూలీ కాదు, అక్కడొక ప్రాంతం). ఆ ఎద్దు కోసం మేవ్ సైన్యాన్నే నడిపిస్తుంది. అవతల, కూలీ ఉన్న అల్‌స్టర్ రాజ్యంలో మగవాళ్ళందరూ ఒక శాపం వల్ల పురిటినొప్పులు పడుతూ మూలుగుతుంటారు, కూ హులిన్ అనే కుర్రాడు ఒక్కడే ఏటి రేవుల్లో నిలబడి వచ్చినవాణ్ణి వచ్చినట్టు ఎదుర్కొంటాడు. పశువుల మంద కోసం సైన్యం దిగడం, కాపాడ్డానికి ఒక్క వీరుడే మిగలడం, ఇంటి మగవాళ్ళు అక్కరకు రాకపోవడం... విరాటపర్వం చదివినవాళ్ళకి ఉత్తర గోగ్రహణం గుర్తు రాకుండా ఉంటుందా? నాకైతే మొదటిసారి ఈ కథ చదివినప్పుడు బృహన్నల ఎప్పుడొస్తాడా అని చూశాను.

ఆ కథనంతా రాక్ పాటలుగా కట్టారు. అందులో 'డియరగ్ డూమ్' అనే పాట మొదట్లో వచ్చే గిటార్ ముక్క వీళ్ళ సొంతం కాదు, 'ఓనీల్స్ మార్చ్' అనే పాత కవాతు బాణీ. పైపుల మీద వాయించుకునే దాన్ని తెచ్చి ఎలక్ట్రిక్ గిటార్‌లో పెట్టి, కింద డ్రమ్స్ తోసేసరికి అదొక మంత్రంలా పనిచేసింది. 1990లో ఐర్లాండ్ మొదటిసారి ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌కి వెళ్ళినప్పుడు జట్టు కోసం చేసిన పాటలో కూడా ఈ ముక్కనే వాడుకున్నారు. అంటే మా తమ్ముడి ఆఫీసులో నలభై దాటిన ఐరిష్ వాడెవడి దగ్గరైనా ఈ గిటార్ ముక్కని నోటితో కూనిరాగం తీస్తే చాలు, స్నేహం కలుస్తుంది. ఆ లెక్కన ఉపయోగం విషయంలో హార్స్‌లిప్స్‌ని కొట్టేది లేదు.

మరి ఎక్కడ పేచీ? పిచ్చి దగ్గర. వీళ్ళ పద్ధతి చాలా తెలివైంది, అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి. పాత బాణీ ఇక్కడ, రాక్ అక్కడ, మధ్యలో అతుకు ఎక్కడ పడాలో వాళ్ళకి బాగా తెలుసు, మనకీ వినిపిస్తుంది. నేను పిచ్చి అంటున్నది సైకెడెలిక్ రాక్‌ని, మత్తెక్కినట్టు ఎక్కడికో తీసుకుపోయే సంగీతాన్ని. అందులో నా దృష్టిలో ఆ అతుకు కనబడకూడదు. పాట ఇంటి గుమ్మంలో మొదలై, ఎప్పుడు ఊరు దాటామో తెలియకుండా ఏ చెరువు గట్టు మీదో తేలాలి. హార్స్‌లిప్స్‌తో అలా ఎప్పుడూ జరగలేదు నాకు. జాతరకి వెళ్ళొచ్చిన హుషారు ఉంటుంది, అంతే.

పిచ్చి కావాలంటే డాక్టర్ స్ట్రేంజ్‌లీ స్ట్రేంజ్ వాళ్ళు దాన్ని బస్తాల్లో అమ్ముతారు. టిమ్ బూత్, ఐవన్ పాల్, టిమ్ గౌల్డింగ్ అని ముగ్గురు. 1967లో మొదలు, 1971కి దుకాణం బంద్ (తర్వాత అప్పుడప్పుడు మళ్ళీ కలిశారు, 1997లో ఒక ఆల్బమ్ కూడా తెచ్చారు, అది వేరే సంగతి). డబ్లిన్‌లో వీళ్ళూ వీళ్ళ స్నేహితులూ కలిసి ఉన్న ఇంటికి 'ఆర్ఫనేజ్' అని ముద్దు పేరు, అనాథాశ్రమం అన్నమాట. థిన్ లిజీ అనే రాక్ బ్యాండ్‌తో తర్వాత ప్రపంచానికి తెలిసిన ఫిల్ లైనట్ అప్పట్లో ఆ ఇంటికి వస్తూ పోతూ ఉండేవాడు, తన పాత బ్యాండ్‌కి ఆ పేరే పెట్టుకున్నాడు.

వీళ్ళ మొదటి ఎల్పీ 1969లో ఐలాండ్ కంపెనీ వేసింది. ఇన్‌క్రెడిబుల్ స్ట్రింగ్ బ్యాండ్ అనే స్కాట్లాండ్ జానపద బృందానికి చేసిన జో బాయిడే దీనికీ నిర్మాత, అందుకని వీళ్ళని ఆ బ్యాండ్‌కి ఐరిష్ తమ్ముళ్ళలా చూశారు జనం. అందులో కొంత నిజముంది, ఒప్పుకోవాలి. రెండోది 'హెవీ పెటింగ్'. దీన్ని వర్టిగో వేసింది. ఆ లేబుల్ రికార్డు మధ్యలో నలుపూ తెలుపూ సుడి ఒకటి ఉంటుంది, ప్లేయర్ మీద తిరుగుతుంటే చూస్తూ కూర్చోవచ్చు, మత్తు అక్కర్లేదు. అట్ట వేసింది రోజర్ డీన్, అంటే యెస్ బ్యాండ్‌కి గాల్లో తేలే కొండలు వేసినాయన.

సంగీతం ఎలా ఉంటుందంటే, ముగ్గురు కుర్రాళ్ళు మధ్యాహ్నం పూట ఇంట్లో చేతికి దొరికిన వాయిద్యమల్లా తీసుకుని, నవ్వుకుంటూ, ఒకరి పాటలో ఒకరు దూరుతూ పాడుకుంటున్నట్టు ఉంటుంది. గౌల్డింగ్ హార్మోనియం వాయిస్తాడు. మన పద్య నాటకాల్లో ఉండే పెట్టె కాదు, కాళ్ళతో తొక్కే రకం, కానీ ఆ ఊపిరి అదే. ఆ నస, ఆ గాలి పీల్చి వదిలే చప్పుడు, రాగం ఆగిపోయాక కూడా కాసేపు మూలుగుతూ ఉండటం. మా బాబాయి ఊళ్ళో నాటకాలకి హార్మోనియం పట్టేవాడు. రాయబారం పద్యం అయిపోయి చప్పట్లు పడుతున్నా ఆయన వేళ్ళు మెట్ల మీదే ఉండేవి. అదీ గుర్తొచ్చింది నాకు.

రెండో ఎల్పీలో ఇంకో వింత, తర్వాత పెద్ద గిటారిస్టుగా పేరు తెచ్చుకున్న గ్యారీ మూర్ ఇందులో వాయించాడు. అప్పటికింకా టీనేజ్ కుర్రాడు, స్కిడ్ రో అనే బ్యాండ్‌లో వాయిస్తున్నాడు. 'సైన్ ఆన్ మై మైండ్' పాటలో మెల్లగా నడుస్తున్న పాటలోకి వాడి గిటార్ వచ్చాక కథ మారిపోతుంది. తీరిగ్గా అరుగు మీద కూర్చున్నవాళ్ళ మధ్యకి ఒకడు మోటార్ సైకిల్ వేసుకొచ్చినట్టు ఉంటుంది, కానీ ఎవరూ విసుక్కోరు, చోటిస్తారు.

ఇదంతా బాగానే ఉంది కానీ పెద్ద లోపం ఒకటుంది, గొంతులు. ముగ్గురికీ ఉన్నది మామూలు గొంతు, కొన్నిచోట్ల మామూలు కంటే కొంచెం తక్కువ. శ్రుతి జారుతుంది, దాన్ని వాళ్ళు పట్టించుకోరు, మనం కూడా పట్టించుకోకూడదని వాళ్ళ ఉద్దేశం. మంచి మూడ్‌లో ఉంటే అదే అందంగా ఉంటుంది, ఆఫీసు నుంచి తలనొప్పితో వచ్చిన రోజు మాత్రం రెండో పాటకే ఆపేస్తాం. నేను ఆపేశాను, చాలాసార్లు.

ఇక మెలో క్యాండిల్. అసలు ఇదంతా రాయడానికి కారణం వీళ్ళే.

డబ్లిన్ శివార్లలో సముద్రం ఒడ్డున కిలైనీ అని ఊరు. అక్కడొక కాన్వెంటు. మన దగ్గర కాన్వెంటు అంటే టై కట్టించే ఏ ఇంగ్లీషు మీడియం బడైనా అవుతుంది, అక్కడ మాత్రం సన్యాసినులు నడిపే అసలు సిసలు కాన్వెంటే. ఆ బళ్ళో చదివే ఆడపిల్లలు క్లోడా సిమండ్స్, ఆలిసన్ బూల్స్, మరియా వైట్ కలిసి పాడుకునేవారు, వాళ్ళు పెట్టుకున్న పేరే మెలో క్యాండిల్. వాళ్ళు రికార్డు చేసి పంపిన టేపు రేడియో లక్సెంబర్గ్ దాకా వెళ్ళింది, అటు నుంచి యార్డ్‌బర్డ్స్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండ్‌కి మేనేజరుగా చేసిన సైమన్ నేపియర్-బెల్ చేతికి చేరింది. 1968లో ఆయన లేబుల్ మీద ఒక సింగిల్ (ఒకటి రెండు పాటల చిన్న రికార్డు) వచ్చింది, అప్పటికి క్లోడా వయసు 15. అది ఆడలేదు. పిల్లలు మళ్ళీ బడికి పోయారు.

అక్కడితో అయిపోవాల్సిన కథ. కానీ క్లోడా, ఆలిసన్ వదల్లేదు. డేవిడ్ విలియమ్స్ అనే గిటారిస్టు వచ్చాడు (ఆలిసన్ అతన్నే పెళ్ళి చేసుకుంది, అట్ట మీద ఆమె పేరు ఆలిసన్ విలియమ్స్ అని ఉంటుంది). బేస్ మీద ఫ్రాంక్ బోయ్‌లన్, డ్రమ్స్ మీద విలియం మర్రే. లండన్‌లో డెక్కా వాళ్ళ డెరమ్ లేబుల్ కోసం ఒకే ఒక్క ఎల్పీ చేశారు, డేవిడ్ హిచ్‌కాక్ నిర్మాతగా. స్వాడ్లింగ్ సాంగ్స్, అంటే పొత్తిళ్ళ పాటలు. 12 పాటలు. 1972లో విడుదలైంది, అమ్ముడుపోలేదు, మరుసటి ఏడాదికల్లా బ్యాండ్ లేదు.

ఇప్పుడు వింటే ఏముంది అందులో? ముందు, ఏం లేదో చెబుతాను. ఫిడేలు జోరు లేదు, పబ్బు చిందు లేదు, పురాణ కథ లేదు. కెల్టిక్ అనే మాటని బాణీలు ఎన్ని పెట్టారన్న లెక్కతో కొలిస్తే హార్స్‌లిప్స్ పక్కన ఇది నిలబడదు. వీళ్ళని కెల్టిక్ రాక్‌లో కలపడమే తప్పని వాదించేవాళ్ళున్నారు, ఆ వాదన నాకు అర్థమవుతుంది. ఇక్కడ పాటని నడిపేది క్లోడా పియానో. 'హెవెన్ హీత్' వినండి, తొలి పాట, మీటుతున్నట్టు గలగలమనే హార్ప్సికార్డ్ (పియానోకి ముందు తరం వాయిద్యం) మీద పాట లేస్తుంది, అంత పాతకాలపు రాగం ఎక్కణ్ణుంచి తెచ్చారా అనిపిస్తుంది. ఎక్కణ్ణుంచీ తేలేదు, ఆలిసన్ రాసుకుంది.

నాకు తేడా ఇక్కడే తెలిసింది. హార్స్‌లిప్స్ పాత బాణీని తీసుకొచ్చి కొత్త బట్టలు తొడిగారు. వీళ్ళు ఇరవై ఏళ్ళ వయసులో సొంతంగా కట్టిన పాటకే వందేళ్ళ వయసు ఉన్నట్టు వినిపిస్తుంది. చదువుకున్న కవి బల్ల ముందు కూర్చుని రాసిన పల్లెపాటని ఊరంతా మా తాతల నాటిదని పాడుకోవడం మనం చూడలేదా, ఇదీ అదే సంగతి. నాకు రెండోదే కష్టమైన పని అనిపిస్తుంది.

ఆ రెండు గొంతుల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. క్లోడా, ఆలిసన్ చిన్నప్పటి నుంచీ కలిసి పాడినవాళ్ళు. మామూలుగా ఇద్దరు పాడితే ఒకరు పాట, ఇంకొకరు వంత. ఇక్కడ వంత ఎవరిదో తేలదు. ఒకరి మాట చివర ఇంకా గాల్లో ఉండగానే రెండోవాళ్ళు కిందనుంచి అందుకుంటారు, తర్వాత వాక్యానికి కిందావిడ పైకి పోతుంది, ఇద్దరూ దాటుకున్న క్షణం మన చెవికి దొరకదు. రోట్లో ఇద్దరాడవాళ్ళు రోకళ్ళు వేస్తుంటే చూశారా, ఒకటి లేచేసరికి ఒకటి పడుతుంది, తగలవు. వాళ్ళు చేతుల్ని చూసుకోరు, మాటల్లో ఉంటారు. అలా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఈ గొంతు ఎవరిది, ఆ గొంతు ఎవరిది అని విడదీద్దామని ఒక రాత్రి కూర్చున్నాను, నాలుగో పాటకి వదిలేశాను.

'షీప్ సీజన్' మొదట్లో మెత్తగా ఉండి, మాటలు అయిపోయాక వాయిద్యాలు తమ దారిన తాము పోతాయి, నేను పైన చెప్పిన చెరువు గట్టు అదే. 'సిల్వర్ సాంగ్' నెమ్మదైన పాట, తర్వాత రోజుల్లో ఆల్ అబౌట్ ఈవ్ అనే ఇంగ్లీషు బ్యాండ్ దాన్ని మళ్ళీ పాడింది. 'రెవరెండ్ సిస్టర్స్' కాన్వెంటు సన్యాసినుల గురించి. బడి వదిలి కొన్నేళ్ళే అయిన పిల్ల రాసింది కదా, కసి తీర్చుకుంటుందనుకుంటాం. తీర్చుకోదు. పియానో, గొంతులు, అంతే, అందులో దిగులుంది, భయం ఉంది, కొంచెం ప్రేమ కూడా ఉంది. కాన్వెంట్లలో హాస్టల్లో ఉండి చదివిన మా అక్కయ్యకి వినిపించాను. విని ఏమీ అనలేదు, "ఇంకోసారి పెట్టు" అంది. చివరి పాట 'బౌల్డర్స్ ఆన్ మై గ్రేవ్', నా సమాధి మీద బండరాళ్ళు అని పేరు పెట్టి, అంత హుషారుగా, మాటల్లేని కూతలతో గెంతుతూ పాడటం ఏమిటో! చావు డప్పు విన్నవాళ్ళకి అదేమీ వింత కాదులెండి.

లోపాలు లేవా? ఉన్నాయి. రెండు ఆడగొంతులూ పై స్థాయిలోనే ఎక్కువసేపు ఉంటాయి, అలవాటు లేని చెవికి మొదటి వైపు అయ్యేసరికి అలసట. పాటల్లో మాటలు చాలాచోట్ల ఏ దారీ చూపించవు, అర్థం కోసం వెతికేవాళ్ళకి విసుగే. రెండో వైపు ఒకటి రెండు పాటలు రాక్ బ్యాండ్ అనిపించుకోవాలని కష్టపడ్డట్టుంటాయి. డాక్టర్ వాళ్ళకున్న నవ్వు వీళ్ళకి లేదు, అది నాకు నిజంగా లోటే.

తర్వాత ఏమయ్యారంటే, క్లోడా మైక్ ఓల్డ్‌ఫీల్డ్ అనే ఇంగ్లీషు సంగీతకారుడి రికార్డుల్లో పాడింది, 1974లో 'హెర్జెస్ట్ రిడ్జ్', 1975లో 'ఒమడాన్'. ఈ ఒమడాన్ అన్న పేరు ఐరిష్‌లో వెర్రివాడు అనే అర్థం ఉన్న అమడాన్ నుంచి వచ్చింది. ఆ పాటకి అర్థం పర్థం లేని మాటలేవో కావాలంటే ఈవిడే ఐరిష్‌లో తెప్పించి ఇచ్చింది, నాన్న నిద్ర, పిల్లి పాలు, నేనొక వెర్రివాణ్ణి, ఇలాంటి మాటలు. లక్షల మంది ఏదో మంత్రం అనుకుని కళ్ళు మూసుకుని విన్నారు. అంతకు ముందు 1972లోనే థిన్ లిజీ రెండో ఎల్పీలో ఆమె కీబోర్డులు వాయించింది. దాని పేరులో ఆర్ఫనేజ్ అన్న మాట ఉంటుంది, పైన చెప్పిన అనాథాశ్రమం ఇంటి పేరే తిరిగి తిరిగి అక్కడ తేలింది. డబ్లిన్ ఎంత చిన్న ఊరో చూడండి. ఆలిసన్, డేవిడ్ దక్షిణాఫ్రికా వెళ్ళి ఫ్లిబర్టిజిబెట్ అని ఇంకో జానపద బ్యాండ్ పెట్టారు, 1978లో ఒక రికార్డు చేశారు. ఎవరూ కొనని ఆ మెలో క్యాండిల్ ఎల్పీ అసలు ప్రతి ఇప్పుడు సేకరించేవాళ్ళ మధ్య మన జీతాలకి అందని ధర పలుకుతుంది. ఆ మోజు మనకెందుకు, తర్వాత వేసిన సీడీలున్నాయి, నెట్‌లోనూ వినొచ్చు.

వీటితోపాటు ఐర్లాండ్‌లోనే ఫెర్మాయ్ ఊరి లౌడెస్ట్ విస్పర్ అనే బ్యాండ్ రికార్డు ఒకటి, సవతి తల్లి శాపంతో హంసలైపోయిన పిల్లల కథ, 1974లో వచ్చింది, అది కూడా ఉంది. కానీ ముందు పై మూడూ వినాలి, దాని జోలికి తర్వాత పోవచ్చు.

నా మాట సూటిగా చెప్పాలంటే: ఒక్కటే వింటానంటే స్వాడ్లింగ్ సాంగ్స్. అది కూడా రాత్రి, హెడ్‌ఫోన్స్‌తో, మొదటి వైపు విని ఆపి, రెండో వైపు మర్నాడు. కారులో, నలుగురు ఉన్నప్పుడు, వంట చేసుకుంటూ అయితే ద టాయిన్, అక్కడ మెలో క్యాండిల్ పెడితే ఎవరో ఒకరు ఆపేయమంటారు. డాక్టర్ స్ట్రేంజ్‌లీ స్ట్రేంజ్ ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకునే ముందు. పని ఉన్న రోజు వద్దు.

తమ్ముడికి ఇదే పంపాను. వారం పోయాక జవాబొచ్చింది. ట్రైనెక్కి కిలైనీ వెళ్ళాడట, స్టేషన్లో దిగగానే సముద్రం, పాటలు పెట్టుకుని ఒడ్డున నడిచాడట. "బాగుంది అన్నయ్యా, కాదనను, కానీ నా ఓటు డాక్టర్‌కే" అన్నాడు. అదేంట్రా, ఆ గొంతులు నచ్చాయా అన్నాను. "గొంతులు కాదు. ఆ హార్మోనియం నాన్నకి ఫోన్లో వినిపించాను. రీడ్లు సరిగ్గా లేవు, ఎవరైనా శ్రుతి చెయ్యమను అన్నాడు."